ఆరున్నొకటోది

ఆ పరీక్షను తయారుచేసింది నేనే. ఈ మాట ముందే చెప్పకపోతే ఇక్కడి నుంచి రాసేదంతా ఎవరి మీదనో ఫిర్యాదులా వినిపిస్తుంది.

ఎనిమిది చెక్క ఆవులు. అన్నీ ఒకే కొయ్యతో, ఒకే అచ్చుకు కోసినవి. ఒక్కొక్కటి నా చూపుడువేలంత పొడవు, అన్నిటికీ ఒకే గోధుమరంగు. బొమ్మలు వేరువేరుగా ఉంటే చిన్నపిల్లలు బొమ్మను గుర్తుపెట్టుకుంటారు గాని అది నిలబడిన చోటును కాదు. నాలుగోది ఏదంటే ఏనుగు అని చెప్పి ఊరుకుంటారు. అందుకే ఒకే జంతువు, ఒకే రంగు. తలలన్నీ పిల్లకు ఎడమవైపు ఉండాలి. వరసకు ముందు ఏదో, వెనక ఏదో అనుమానం రాకుండా పరీక్ష పెట్టే టీచరు ఒక వాక్యం చెప్పాలి: "ఇవి నీళ్లకు పోతున్నాయి, ముందు నడిచేది ఇటు ఉంది." ఆ వాక్యంలో ఒక్క మాట కూడా మార్చకూడదని సూచనల కాగితంలో గీత గీసి మరీ రాశాను.

మొదట పిల్ల చేత ఒకటి నుంచి పది దాకా వరసగా చెప్పించాలి. దీనికి నేను గడప అని పేరు పెట్టాను. గడప దాటిన పిల్లను నాలుగు ప్రశ్నలు అడగాలి. మొదటిది చూపించు, నాలుగోది చూపించు, ఏడోది చూపించు, చివరిది చూపించు. గడపకు ఒకటి, ప్రశ్నకు ఒకటి చొప్పున మొత్తం అయిదు మార్కులు. గడప దాటని పిల్లను ఇంకేమీ అడగకుండా పంపించి సున్నా వేయాలి. అంకెల వరసే రాని పిల్లను ఏడోది ఏదని అడగడం వృథా అని నా తర్కం. పిల్ల ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పకూడదు. అడిగిన ప్రశ్ననే మళ్లీ అడగాలి. ఇదీ నేను రాసిందే.

అంతకుముందు వాడుకలో ఉన్న ఫారంలో చివర రిమార్కులని ఒక గడి ఉండేది. టీచర్లు అందులో తమకు తోచింది రాసేవారు. "పిల్లకు జ్వరం", "తండ్రి తాగుతాడు", "సిగ్గరి, ఇంట్లో బాగానే చెబుతుందట". ఆ గడి ఉన్నంతకాలం మార్కుకు విలువ ఉండదని వాదించి దాన్ని తీసేయించాను. మండల కార్యాలయంలో ఆ రోజు నా మాటను అందరూ మెచ్చుకున్నారు.

నేను చదివింది కొలత పరికరాల డిప్లొమా. తొంభైల నడుమ గుంటూరులో ఒక ఏడాది పాటు, జిన్నింగు మిల్లులకూ మిర్చి గోదాములకూ కాటాలు సరిచేసే చిన్న సంస్థలో పనిచేశాను. కాటా మీద ఏమీ లేనప్పుడు ముల్లు ఎక్కడుందో ముందు చూడాలని అక్కడ నేర్పారు. ఖాళీ కాటా సున్నా చూపించకపోతే దాని మీద పెట్టిన ప్రతి సరుకు బరువూ అబద్ధమే. పాఠ్యపుస్తకంలో దాన్ని శూన్యాంశ దోషం అనేవారు. తరువాత టీచరు ఉద్యోగం వచ్చి ప్రత్తిపాడు అవతల ఒక ఊరి బడికి వెళ్లాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, మండలంలో ఒకటి రెండు తరగతుల పిల్లలకు ఏం వచ్చునో ఏం రాదో తేల్చి చెప్పాలని పైనుంచి ఆదేశం వచ్చినప్పుడు, పట్టికలు తిన్నగా గీయగలనన్న కారణంతో ఆ పని నాకు అప్పగించారు. కాటాలు సరిచేసిన చేతికి పిల్లలు అప్పగించబడ్డారు. అప్పుడు అది నాకు సహజంగానే తోచింది.

ఎవరి బడిలో వాళ్లు పరీక్ష పెట్టకూడదన్నది మరో నిబంధన. అందుకని డిసెంబరులో నేను ఆవుల పెట్టె పట్టుకుని పక్క ఊరి బడికి వెళ్లాను. పత్తి తీతలు నడుస్తున్న రోజులు. పిల్లల జుట్టులో, రవికల మీద దూది పీచు అంటుకుని ఉంది. వరండాలో ఒక బల్ల వేయించుకుని ఒక్కొక్కరినే పిలిచాను.

ఆ పిల్ల రెండో తరగతి. ఆరు నిండి ఏడు నడుస్తున్నది. వచ్చి నిలబడి ముందు నన్ను చూడలేదు, ఆవుల్ని చూసింది. ఒకదాని కాలు బల్ల సందులోకి దిగి పక్కకు ఒరిగి ఉంటే సరిచేసి నిలబెట్టింది. నేను వాక్యం చెప్పాను. తల ఊపింది.

"ఒకటి నుంచి పది దాకా వరసగా చెప్పు."

"వీటిని లెక్కపెట్టేదా టీచర్, ఉత్తిదా?"

ఆ ప్రశ్న ఎంత ఖచ్చితమైనదో అప్పుడే నాకు తెలిసి ఉండాలి. తెలిసిందో లేదో ఇప్పుడు చెప్పలేను. ఎదురు ప్రశ్నకు జవాబు చెప్పకూడదు.

"ఒకటి నుంచి పది దాకా వరసగా చెప్పు."

ఆమె ఆవుల వైపు చూసి, లెక్కపెట్టాలనే నిర్ణయానికి వచ్చింది. ఒక్కొక్క ఆవు వీపు మీద వేలు ఆనించి, పెద్దవాళ్లు పాడే రాగంలో మొదలుపెట్టింది.

"లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది."

అక్కడ ఆగి వేలు తీసేసింది.

"ఊఁ, పది దాకా."

"ఇంక గొడ్లు లేవు కదండీ."

మా ప్రాంతంలో పుట్టిన వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కల్లంలో గింజలు కొలిచినా, మిరపకాయలు గంపలతో ఎత్తినా, మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అన్న అంకెలో ఏడుపు వినిపిస్తుంది కాబట్టి దాన్ని నోట రానివ్వకుండా ఆరున్నొకటి అని దాటిస్తారు. మా ఇంట్లో అమ్మ బియ్యం కొలిచేటప్పుడూ అంతే. నాకు అర్థం కాక సున్నా వేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. మొదటి మాటకే అర్థమైంది.

నిబంధన ప్రకారం అక్కడ పంపించేయాలి. ఎందుకో గాని మిగతా ప్రశ్నలూ అడిగాను.

"మొదటిది చూపించు."

చూపించింది.

"నాలుగోది."

మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టలేదు. నేరుగా నాలుగో ఆవు మీద వేలు పెట్టింది. రెండో తరగతిలో ఆ పని చేసిన పిల్లలను ఆ వారమంతా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

"ఏడోది చూపించు."

సరైన ఆవునే ముట్టుకుంది. కాని ముఖం చిన్నబుచ్చుకుంది. గొంతు తగ్గించి, నేను నలుగురిలో పొరపాటు చేసినట్టూ, దాన్ని పైకి తెలియకుండా సర్దుతున్నట్టూ అంది:

"ఆరున్నొకటోది అనాలి టీచర్. ఆ మాటంటే గొడ్లు ఏడుస్తాయి."

చివరిది అడగకముందే చూపించింది. "ఇది కుంటుకుంటా వస్తంది," అని కూడా చెప్పింది.

పక్కన కుర్చీలో కూర్చున్న ఆ బడి ప్రధానోపాధ్యాయుడు నవ్వాడు. "వాళ్ల తాత పెంపకం మేడమ్. కల్లం కాడ కూర్చోబెట్టి గంపలు లెక్కపెట్టిస్తాడు. అక్కడ నేర్చుకుందే, ఇక్కడ మేం చెప్పింది కాదు. ఏం వేస్తారు?"

"గడప దాటలేదు."

"అయితే సున్నాయేగా."

"సున్నాయే," అన్నాను. వేసి, సంతకం పెట్టి, తరువాతి పిల్లను పిలిచాను.

ఆ కాగితాలు శనివారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా నా బీరువాలో ఉన్నాయి. సున్నాను అడ్డంగా కొట్టి, పక్కన అయిదు వేసి, పొట్టి సంతకం పెడితే చాలు. దిద్దుబాటుకు నేను రాసిన సూచనల్లోనే అనుమతి ఉంది. ఆదివారమంతా నాతో నేను వాదించుకున్నాను. స్థానాన్ని తెలుసుకోవడం వేరు, అంకె పేరు తెలుసుకోవడం వేరు. మన భాషలోనే చూస్తే మొదటి అన్న మాట ఒకటి లోనుంచి పుట్టలేదు, మొదలు లోనుంచి పుట్టింది. ఒకటి అనే పేరు వినని పిల్లకు కూడా వరసకు మొదలు ఏదో తెలుస్తుంది. అంటే నేను గడప కట్టిన చోటే తప్పు. ఈ తర్కం ఆదివారం మధ్యాహ్నానికే పూర్తయింది. అందులో లోపం నాకు కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు.

అయినా దిద్దలేదు. ఈ పిల్ల ఒక్కదానికి దిద్దితే మండలంలో టీచర్లందరూ దిద్దుకుంటారు, అప్పుడు ఈ కొలతకు అర్థం ఉండదు అనుకున్నాను. ఈ కారణం నిజమే. దాని వెనక ఇంకోటి ఉంది: నేను చేసిన పరికరంలో మొదటి తప్పు నేనే పట్టి అందరికీ చూపించడం నాకు ఇష్టం లేకపోయింది. సోమవారం కట్ట కట్టి మండలానికి పంపించాను.

సున్నా వచ్చిన రెండో తరగతి పిల్లల్ని జనవరి నుంచి ఒకటో తరగతి వరసలో కూర్చోబెట్టాలన్నారు. అది శిక్ష కాదని, పునాది గట్టిపరచడమని ఆదేశంలో రాశారు. ఆ జాబితా ఊళ్లకు చేరిన మూడో రోజున, నేను తరగతిలో ఉండగా, గుమ్మం దగ్గర ఒక పెద్దాయన నిలబడ్డాడు. తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు.

"లెక్కల పరీక్ష పెట్టిన పంతులమ్మగారు మీరేనా అమ్మా?"

"నేనేనండీ. లోపలికి వచ్చి కూర్చోండి."

"కూర్చోనులేమ్మా, బస్సెళ్లిపోద్ది. మా మనవరాలికి సున్నా ఏశారంట. ఏం తప్పు చెప్పింది?"

"ఒకటి అనలేదండీ. లాభం అంది."

నాకు కోపం తెప్పించే ఉద్దేశం ఆయన ముఖంలో లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"లాభం అంటే సున్నా ఏసే లెక్క నేనెక్కడా ఇనలేదమ్మా. నష్టం అంటే మరి ఎన్నిస్తారు?"

నా తరగతి పిల్లలు నవ్వారు. వాళ్లను ఊరుకోమన్నాను.

"మీ ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు ఏమంటారు?" ఆయనే మళ్లీ అడిగాడు.

"లాభం అనే అంటామండీ."

"అదిగో. మరి మీకెవరూ సున్నా ఏయలేదా?"

బడి అయితే వేరు, కల్లం అయితే వేరు అని చెప్పబోయాను. ఆ తేడా ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు. లెక్కపెట్టేదా, ఉత్తిదా అని అడిగింది ఆమే. ఆయన గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, బస్సు సంగతి మరిచిపోయినట్టు, అసలు విషయం చెప్పాడు.

"దాని నాన్న లారీల మీద పోతాడు, ఇంటి సంగతి పట్టదు. ఫిబ్రవరి వచ్చిందంటే దాని అమ్మ నల్లపాడు కాడ మిరగాయల షెడ్లకి పోద్ది, తొడిమలు తీయడానికి. ఎండాకాలం అయ్యేదాకా అక్కడే. పోయినేడు పిల్లని కూడా తీసుకుపోయింది. చేతులు మండి మండి, ఆముదం రాసినా ఆగక, రాత్రుళ్లు నీళ్లల్లో పెట్టుకుని పడుకుందంట. ఈసారి నా కాడ ఉంచు, బడికి నేను పంపిచ్చుకుంటానని దసరా కాణ్ణించి పోట్లాడతన్నా. పిల్లకి బుర్రుందే, తొక్కేయబాకే అని. సరే అంది. మొన్ననే అంది. ఇప్పుడు మీ కాయితం వచ్చింది. రెండులో ఉన్నదాన్ని తీసుకెళ్లి ఒకటిలో ఏస్తే ఆ పిల్ల తల్లి నోరు నేను మూయగలనా? బుర్రలేనిదానికి బడెందుకు మావా, తొడిమలు తీయడానికి బుర్రక్కర్లేదుగా అనిద్ది. అనేసింది కూడా."

"మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష పెడతామండీ. అప్పుడు..."

"ఫిబ్రవరికి నెల్రోజులే కదమ్మా."

నేను చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టాను.

"రాసింది కొట్టేయడానికి లేదా?"

"మండలానికి వెళ్లిపోయిందండీ."

"ఎళ్లకముందు ఎన్నాళ్లుంది మీ కాడ?"

"రెండు రోజులు."

అబద్ధం చెప్పవచ్చు. నాకు అలవాటు లేదు. ఆయన తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. "దానికి లాభం నేర్పింది నేనే లేమ్మా," అని మెట్లు దిగాడు. తప్పును తన మీద వేసుకుని వెళ్లిపోయిన ఆ తీరు నాకు చాలాకాలం ఊరటగానే ఉండింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు సెలవు పెట్టి మండల కార్యాలయానికి వెళ్లాను. అధికారి మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు.

"ఆ పిల్లకు తెలుసు సార్. నాలుగుకు నాలుగూ చూపించింది. నేను కళ్లారా చూశాను."

"ఫారంలో లేదే మేడమ్."

"రాయడానికి ఫారంలో చోటు లేదు."

"చోటెవరు తీసేశారు?" ఎత్తిపొడుపు కాదు, నవ్వుతూనే అడిగాడు.

"నేనే."

"మంచి పనే చేశారు. నేను ప్రతి మీటింగులో అదే చెబుతున్నా. ఇప్పుడు మీ ఒక్కరికి దిద్దితే, రేపటి నుంచి ఊరికొకరు వస్తారు. మా వాడికి జలుబు చేసింది, మా పిల్ల భయపడింది. వాళ్లకేం చెప్పను? ఇవి మీ మాటలే కదండీ."

"గడప ప్రశ్నలోనే తప్పుంది సార్. అది వచ్చే ఏడాదికైనా..."

"వచ్చే ఏడాదికి చూద్దాం. ఈ పిల్లకైతే మూడు నెలల తరువాత మళ్లీ పెట్టుకోండి. అంతకన్నా ముందు పెట్టకూడదు, పిల్లలు జవాబులు గుర్తుపెట్టుకుంటారు. అదీ మీ రూలే."

ఆయన తప్పు మాట ఒక్కటీ అనలేదు. నేను సరిచేసి ఇచ్చిన కాటాతోనే నన్ను తూచాడు. అర్జీ రాసి ఇచ్చాను. ఒక మూల సంతకం చేసి, ఫైలులో పెట్టించాడు. తిరుగు బస్సులో కిటికీ అవతల నల్లరేగడి చేలల్లో ఆడవాళ్లు వరస కట్టి పత్తి తీస్తున్నారు. అర్జీ రాశాను కదా, నా వంతు అయిపోయింది అనుకున్నాను. ఫిబ్రవరిలోపు ఆ పిల్ల తల్లిని వెళ్లి కలవవచ్చు. మీ పిల్లకు వచ్చు, మార్కే తప్పు అని ఒక మాట చెప్పవచ్చు. ఊరు నాలుగు మైళ్లు కూడా లేదు. ఆ ఆలోచన ఒకసారి వచ్చింది. ఫలితాలను తల్లిదండ్రులతో విడిగా చర్చించకూడదన్న నిబంధన గుర్తుకు వచ్చి ఆగిపోయాను. అది నేను రాసిన నిబంధన కాదు. అయినా పాటించాను.

మార్చి చివర, సరిగ్గా మూడు నెలలు నిండిన తరువాతి పనిదినాన ఆవుల పెట్టెతో ఆ బడికి వెళ్లాను. ప్రధానోపాధ్యాయుడు హాజరుపట్టీ తెరిచి నా ముందు పెట్టాడు.

"జనవరిలో నాలుగు రోజులొచ్చింది మేడమ్. ఒకటో తరగతి పిల్లల్లో కూర్చోమంటే కూర్చుంది, పేచీ పెట్టలేదు. అయిదో రోజు నుంచి రాలేదు. ఫిబ్రవరి రాగానే తల్లి తీసుకుపోయింది."

"పిల్లలేమన్నా అన్నారా?"

"పిల్లలే కదండీ. లాభం అని పిలిచేవాళ్లు. లాభం వచ్చింది జరగండ్రా, లాభానికి పలకివ్వండ్రా అని. నేను రెండు మూడుసార్లు కేకలేశాను."

"ఆ పేరెట్లా పుట్టింది?"

ఆయన నా వైపు చూడకుండా పట్టీ మూశాడు. "ఆ రోజు మనం వరండాలో అనుకున్నాం కదా. కిటికీ పక్కనే కూర్చునుంటారు వెధవలు."

మలి పరీక్ష పట్టికలో ఆ పిల్ల పేరుకు ఎదురుగా గైర్హాజరు అని రాశాను. గైర్హాజరైన పిల్లలను మొత్తం సంఖ్యలోంచి తీసేయాలి. లేనివాళ్లను కొలవలేం కాబట్టి ఆ పద్ధతి సరైనదే. ఫలితంగా ఆ బడిలో సున్నాలు తగ్గాయి. మండలంలోని చాలా బడులలోనూ అదే తీరున తగ్గాయి, ఎందుకంటే డిసెంబరులో సున్నా వచ్చిన పిల్లల్లో చాలామంది మార్చికి షెడ్లలోనో, మిరప కోతల్లోనో, ఇంట్లో చంటిబిడ్డల దగ్గరనో ఉన్నారు. ఆ తగ్గుదలకు బొమ్మ గీసింది కూడా నేనే. డిసెంబరు గీత పొడవుగా, మార్చి గీత పొట్టిగా. సమావేశంలో దాన్ని గోడకు అంటించి, ఇది ఈ మండలం సాధించిన ప్రగతి అన్నారు. నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. ఎవరు తగ్గారో, ఎట్లా తగ్గారో చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టి ఉండేది. చప్పట్లు ఆగాక కూర్చున్నాను.

ఒక పని మాత్రం సాధించాను. మరుసటి ఏడాది ఫారంలో రిమార్కుల గడి మళ్లీ పెట్టించాను. గడప ప్రశ్నను మార్చడానికి మాత్రం పైవాళ్లు ఒప్పుకోలేదు. మారిస్తే రెండేళ్ల అంకెలను పోల్చి చూపడం కుదరదన్నారు. ఫారాలు తిరిగి వచ్చాక ఆ గడులన్నీ ఓపికగా చదివాను. ఒక్క టీచరైనా పిల్ల ఏం చెప్పిందో రాసి ఉంటాడని వెతికాను. సున్నాల పక్కన ఉన్నవి ఇవి: "మొద్దు", "కూలీల పిల్ల", "బుర్ర తక్కువ", "ఇంట్లో చదువు లేదు". అంతకుముందు గడి లేనందువల్ల సున్నా ఒంటరిగా ఉండేది. ఇప్పుడు దానికి సాక్ష్యం దొరికింది.

అయితే అది తరువాతి సంగతి. ఆ మొదటి ఏడాది ఏప్రిల్‌లో, బడులకు సెలవులు ఇచ్చిన మర్నాడు, నేను ఒక కాగితం రాసుకుని ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఎవరూ రాయమనలేదు, దానికి ఏ నిబంధనా లేదు. ఇంటి ముందు కల్లంలో ఆయన ఒక్కడే మిరపకాయలు తిరగేస్తున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు. మూతికి కట్టుకున్న తువ్వాలు మాత్రం కిందికి లాగాడు.

"రండమ్మా. ఘాటుంది, అటు గాలొచ్చే వైపు నిలబడండి."

"మనవరాలు వచ్చిందా అండీ?"

"యాడ వచ్చిద్ది. ఇంకా సరుకుందంట."

కాగితం ఇచ్చాను. చేతులు తువ్వాలుకు తుడుచుకుని తీసుకున్నాడు, తలకిందులుగా పట్టుకుని, నాకే తిరిగి ఇచ్చాడు. "మీరే చదవండి."

చదివాను. ఈ బాలిక ఎనిమిది వస్తువుల వరసలో మొదటి, నాలుగో, ఏడో, చివరి స్థానాలను నా సమక్షంలో ఒక్కసారి కూడా తప్పకుండా చూపించింది, ఈమెకు స్థాన సంఖ్యల అవగాహన సంపూర్ణంగా ఉంది, డిసెంబరులో వేసిన మార్కు పరీక్షలోని లోపం వల్ల వచ్చినదే గాని బాలిక లోపం కాదు. కింద నా పేరు, హోదా, తేదీ.

"సంపూర్ణంగా అంటే?"

"పూర్తిగా వచ్చునని."

"పూర్తిగా వస్తే ఇంక బడితో పనేం ఉంది లేమ్మా." నవ్వాడు. ఆ నవ్వు నాకోసం కాదు. చేతికర్రతో కాయల్ని ఒకసారి అటు నెట్టి, ఇటు లాగి అడిగాడు: "ఇది షెడ్డు మేస్త్రీకి చూపిస్తే, పిల్లని ఎండలోనించి నీడలోకి జరుపుతాడా?"

సరైన జవాబు ఇవ్వడం నా వృత్తి.

"జరపడండీ."

"దాని అమ్మకి చూపిస్తే?"

"మీరు చెబితే వినవచ్చు."

"నేను చెబితే ఇన్నదే కదమ్మా. ఇన్న తరవాతే మీ కాయితం వచ్చింది." నేను మడిచిన మడతల మీదనే మళ్లీ మడిచి, కాగితం నా చేతిలో పెట్టాడు. "మీ కాడే ఉంచండి. మీకైనా పనికొచ్చిద్ది."

మంచినీళ్లు కావాలా అని అడిగాడు. వద్దన్నాను. తువ్వాలు మళ్లీ మూతికి కట్టుకున్నాడు.

తరువాతి డిసెంబరులో పరీక్ష పెట్టడానికి నన్ను ఆ బడికే వేశారు. వరండాలో అదే బల్ల వేశారు. హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు మీద ఈ చివరి నుంచి ఆ చివరకు ఎర్ర సిరా గీత ఉంది. షెడ్ల నుంచి తల్లి వచ్చింది గాని పిల్ల రాలేదని, అక్కడే ఎవరింట్లోనో పనికి పెట్టిందని ప్రధానోపాధ్యాయుడు చెప్పాడు. ఆవుల్ని పెట్టెలోంచి తీసి, తలలు ఎడమవైపుకు తిప్పి, వరసగా నిలబెట్టాను. ఆ గీతకు దిగువ వరసలో ఉన్న పేరు పిలిచాను.